నరమానవుడు లేని చోటు

బావి తవ్వే అధ్యాయం దగ్గరికి వచ్చేసరికి నేను పడుకున్నదాన్ని లేచి కూర్చున్నాను.

2017 వేసవి అది. కాన్సస్ రాష్ట్రంలో, ఓవర్లాండ్ పార్కులో, మా అమ్మాయి ఇంట్లో ఉన్నాను. మనవరాలికి అప్పుడే తొమ్మిదేళ్లు నిండాయి. రాత్రి భోజనాలయ్యాక నా పక్కలో చేరి, లైబ్రరీ నుంచి తెచ్చుకున్న పుస్తకం పైకి చదివి వినిపించడం దాని అలవాటు. అర్థం కాని మాట వస్తే నేను ఆపేదాన్ని, అది తనకొచ్చిన తెలుగులో చెప్పేది. ఆ వారం తెచ్చిన పుస్తకం 'లిటిల్ హౌస్ ఆన్ ది ప్రెయిరీ'. లారా ఇంగాల్స్ వైల్డర్ రాసింది. 1935లో మొదటిసారి అచ్చయింది.

కథ చెప్పుకోవడానికి చిన్నదే. విస్కాన్సిన్ అడవుల్లో ఉన్న ఒక కుటుంబం, అమ్మ, నాన్న, ముగ్గురు ఆడపిల్లలు, గుడ్డకప్పు వేసిన గుర్రపు బండిలో సామానంతా సర్దుకుని, జాక్ అనే కుక్క వెంట రాగా, వందల మైళ్లు ప్రయాణం చేసి కాన్సస్ గడ్డిమైదానంలో దిగుతుంది. నాన్న వాగు ఒడ్డు నుంచి దుంగలు కొట్టుకొచ్చి ఇల్లు కడతాడు. మేకులు కూడా లేకుండా కర్రచీలలతో తలుపు బిగిస్తాడు. పొయ్యి కడతాడు, బావి తవ్వుతాడు, రాత్రిళ్లు ఫిడేలు వాయిస్తాడు. ఏడాది గడిచి విత్తనాలు చల్లే వేళకు, ఆ నేల వాళ్లది కాదనీ ఖాళీ చేయాలనీ కబురు వస్తుంది. మళ్లీ బండి కట్టుకుని వెళ్లిపోతారు.

బావి అధ్యాయంలో నాన్న రోజూ పొద్దున్నే దిగేముందు ఒక కొవ్వొత్తి వెలిగించి బావిలోకి దింపుతాడు. అది ఆరకపోతేనే దిగుతాడు. సాయం వచ్చిన పొరుగాయన స్కాట్‌కి అది అనవసరపు చాదస్తంలా కనిపిస్తుంది. ఒకరోజు కొవ్వొత్తి దింపకుండానే దిగి, అడుగున పేరుకున్న విషవాయువుకి కుప్పకూలిపోతాడు. నాన్న ఊపిరి బిగబట్టి దిగి ఆయనకు తాడు కట్టి పైకి వచ్చాక, అమ్మా నాన్నా కలిసి గిలక తిప్పి లాగుతారు.

"మేమూ లాంతరు దింపేవాళ్లం" అన్నాను.

పిల్ల పుస్తకం మూసేసింది. "నువ్వా అమ్మమ్మా? ఎక్కడ?"

ఆ రాత్రి పుస్తకం ముందుకు సాగలేదు.

* * *

నేను 1954లో కృష్ణా జిల్లాలో పుట్టాను. పెరిగింది మాత్రం గంగావతి దగ్గర వలస రైతుల క్యాంపు ఒకదానిలో. తుంగభద్ర ఆనకట్ట పూర్తయి 1953లో కాలువలకు నీళ్లు వదిలాక, ఎడమగట్టు కాలువ కింద గంగావతి, సింధనూరు వైపు డెల్టా రైతులు వలస పోయారు. ఇక్కడ ఒక ఎకరం అమ్ముకుంటే అక్కడ అయిదారెకరాలు వస్తుందని అప్పట్లో చెప్పుకునేవారు. మా నాన్నకు వాటాకొచ్చింది ఎకరంన్నర, తోడబుట్టినవాళ్లు నలుగురు. 1957లో ఆయనా మా బాబాయీ ఎడ్లనూ బండినీ బెజవాడలో గూడ్సు పెట్టెలోకి ఎక్కించి, గుంతకల్లు మీదుగా హోస్పేట చేరారు. నది దాటి అవతల దిగారు. తరవాత మూడు నెలలకు అమ్మ నన్నూ, అరటి పిలకలనూ, గోంగూర విత్తనాలనూ, ఒక రుబ్బురోలునూ వెంటబెట్టుకుని వెళ్లింది. అప్పటికి నాకు మూడేళ్లు. ఆ ప్రాంతం అంతకుముందు ఏడాదే హైదరాబాదు రాష్ట్రం నుంచి మైసూరు రాష్ట్రంలోకి మారింది. మాకు ఆ సంగతి పట్టలేదు. కాలువ ఉంది, నేల ఉంది.

మొదటి ఇల్లు తడికెలతో కట్టింది. మట్టి మెత్తి పైన రెల్లు కప్పారు. తలుపు లేదు, రెండో తడిక అడ్డం పెట్టేవాళ్లు. నల్లరేగడి వానొస్తే చెప్పులతో సహా కాలిని పట్టేసేది. ఎండొస్తే చేయి దూరేంత నెర్రెలు తీసేది. ఆ నేలను సాపు చేసి, గట్లు పోసి, దమ్ము చేసి వరి నాటడం మావాళ్లు చేసిన పని. జొన్నా, వేరుశనగా పండిన మెట్టచేలు మాగాణి అయ్యాయి. చేతులు పగిలి రక్తాలు కారేవని అమ్మ చెప్పేది. నాకు బాగా జ్ఞాపకం ఉన్నది మాత్రం బావి. 1961, నాకు ఏడేళ్లు. కాలువ నీళ్లు తాగి తాగి జబ్బులొస్తున్నాయని క్యాంపు అంతా చందాలేసుకుని వడ్డెరవాళ్లను పిలిపించింది. వాళ్ల మేస్త్రి రోజూ తెల్లారగట్ల వెలుగుతున్న లాంతరుకు తాడు కట్టి వదిలేవాడు. మేమంతా గట్టు మీద బోర్లా పడుకుని ఆ వెలుగు చిన్నదవుతూ కిందికి పోవడం చూసేవాళ్లం. ఒకరోజు సగం లోతులో ఆరిపోయింది. ఆ రోజు ఎవరినీ దిగనివ్వలేదు. వేపమండలు కట్టగట్టి తాడుకు వేలాడదీసి, సాయంత్రం దాకా పైకీ కిందికీ ఆడిస్తూనే ఉన్నారు, లోపలి గాలి కదలడానికి. మర్నాడు లాంతరు అడుగంటా వెలిగింది.

వేల మైళ్ల దూరంలో, తొంభై ఏళ్ల ముందటి ఒక అమెరికా రైతు చేసిన పని మా క్యాంపు మేస్త్రికి ఎవరు నేర్పారు? ఎవరూ నేర్పలేదు. బావి ఎక్కడైనా బావే.

అప్పటి నుంచి ఆ పుస్తకం మా ఇద్దరిదీ అయింది. అది ఒక పేజీ చదివితే నేను ఒక ముక్క చెప్పేదాన్ని. ఇల్లు కట్టే చోట రెల్లు కప్పు, క్రిస్మస్‌కు ఎడ్వర్డ్స్ అనే పొరుగాయన పొంగుతున్న వాగు దాటి పిల్లలకు మిఠాయీ రేకు గ్లాసులూ తెచ్చిన చోట, సంక్రాంతికి మా మామయ్య దివిసీమ నుంచి అరిసెల డబ్బా మోసుకుని హోస్పేటలో బస్సు తప్పి నడిచి వచ్చిన సంగతి. పిల్లకు రెండు కథల్లో ఏది ఎక్కడ జరిగిందో కలిసిపోయేది. ఒకరోజు "మీ ఇంట్లో జాక్ ఏమయ్యాడు?" అని నన్నే అడిగింది.

చలిజ్వరం అధ్యాయంలో ఆ ఇంట్లో అందరూ మంచాన పడతారు. పెద్దవాళ్లు లేవలేరు. చిన్న లారా నేల మీద పాకుతూ వెళ్లి అక్కకు నీళ్లందిస్తుంది. ఆ దారిన పోతున్న ఒక నల్లజాతి డాక్టరు లోపలికి వచ్చి చేదు మందు పోసి బతికిస్తాడు. ఆ డాక్టర్ టాన్ కల్పిత పాత్ర కాదు. జార్జ్ టాన్ అనే ఆయన నిజంగా ఆ ప్రాంతంలో వైద్యం చేశాడు, ఇండిపెండెన్స్ ఊళ్లో మౌంట్ హోప్ శ్మశానంలో ఆయన సమాధి ఉంది. దోమలవల్ల వచ్చే జ్వరమని అప్పట్లో వాళ్లకు తెలియదు. పుచ్చకాయలు తిన్నందుకు వచ్చిందని ఒక పొరుగావిడ తేల్చేస్తుంది. మా క్యాంపులో 'కొత్తనీరు పడలేదు' అనేవాళ్లు. కాలువలొచ్చిన చోటల్లా నీరు నిలిచేది, దోమలు పుట్టేవి. తరవాత ప్రభుత్వం వాళ్లు డీడీటీ చల్లడానికి వచ్చి, చల్లిన తేదీ గోడ మీద రాసిపోయేవాళ్లు.

ఆ అధ్యాయం విన్న రాత్రి పిల్లకు చెప్పాను: 1958 వానాకాలంలో మా ఇంట్లో కూడా అందరికీ ఒకేసారి వచ్చింది. నాన్న, అమ్మ, బాబాయి, నేను. మూడు రోజులు పొయ్యి వెలగలేదు. పక్క పల్లె నుంచి ఒక కన్నడావిడ రోజూ పొద్దున సత్తుగిన్నెలో జొన్నగంజి తెచ్చేది. "ఏళు యవ్వా, గంజి కుడి" అని అమ్మ తల ఎత్తి పట్టుకుని తాగించేది. ఆవిడ చీరకు వంటచెరకు పొగ వాసన ఉండేది. నాకు నాలుగేళ్లు. ఆ వాసన నాకు నిజంగా జ్ఞాపకమో, అమ్మ ఎన్నోసార్లు చెప్పగా జ్ఞాపకంలా కుదురుకుందో ఇప్పటికీ తేల్చుకోలేను.

లారాకు కూడా ఇదే జరిగిందని తరవాత తెలిసింది. పుస్తకంలో ఆమె నాలుగు విషయాలు బాగా తెలిసిన పిల్ల. నిజానికి ఆ కుటుంబం కాన్సస్‌లో ఉన్నది 1869 నుంచి 1871 దాకా. 1867 ఫిబ్రవరి 7న పుట్టిన లారాకు అప్పుడు రెండు నుంచి నాలుగేళ్లు. పుస్తకంలో విస్కాన్సిన్ నుంచే చంకనెక్కి వచ్చిన చెల్లెలు క్యారీ, నిజానికి 1870 ఆగస్టులో కాన్సస్‌లోనే పుట్టింది. అమ్మా నాన్నా అక్కా చెప్పుకున్నవి విని, దాచుకుని, అరవై ఏళ్లు దాటాక రాసిందావిడ. మొదటి పుస్తకం 1932లో వచ్చేటప్పటికి ఆమె వయసు 65. రచయిత్రి అయిన కూతురు రోజ్ వైల్డర్ లేన్ పక్కన కూర్చుని దిద్దింది. అందుకని ఆ పుస్తకం అబద్ధమని నేననను. ఒక ఇంట్లో పిల్లలకు ఏం చెప్పుకుంటారో అదంతా అందులో ఉంది. ఏం చెప్పుకోరో అది లేదు.

* * *

మే నెలాఖరులో మూడు రోజులు సెలవొచ్చింది. "అత్తయ్యా, ఆ ఇల్లు ఇక్కడికి మూడు గంటల దారేనట, వెళ్దామా?" అన్నాడు అల్లుడు. పిల్ల ముందురాత్రే చెప్పులు గుమ్మం దగ్గర పెట్టుకుంది.

ఇండిపెండెన్స్ ఊరికి నైరుతి దిక్కున పదమూడు మైళ్ల దూరంలో ఆ స్థలం ఉంది. పుస్తకంలో ఊరికీ ఇంటికీ నడుమ నలభై మైళ్లు. చిన్నపిల్ల కాళ్లకు పదమూడూ నలభైలా అనిపించి ఉంటాయి, లేదా వాళ్ల నాన్న బండి తోలుకెళ్లి తిరిగి వచ్చేదాకా ఎదురుచూసిన రోజులు దూరాన్ని పెంచి ఉంటాయి. ఆ చోటు ఎక్కడో చాలాకాలం ఎవరికీ తెలియదు. 1870 జనాభా లెక్కల కాగితాల్లో రట్లండ్ టౌన్‌షిప్ కింద ఇంగాల్స్ కుటుంబం పేరు దొరకడంతో, ఇరుగుపొరుగు పేర్ల వరుసను పట్టుకుని స్థానికులు ఆ పొలాన్ని గుర్తించారు. అక్కడ చేత్తో తవ్విన పాత బావి ఒకటి బయటపడింది. పుస్తకంలో ఉన్న వర్ణన ప్రకారం 1977లో దుంగల ఇల్లు మళ్లీ కట్టారు. పక్కనే ఒంటిగది బడి, చిన్న పోస్టాఫీసు వేరే చోట నుంచి తెచ్చి నిలబెట్టారు.

ఇల్లు చూసి అమ్మాయి "ఇంతేనా!" అంది. మా వసారా అంత ఉంది. దుంగల సందుల్లోంచి వెలుతురు వస్తోంది. నాకు వింత అనిపించలేదు. తడికెల ఇంట్లో పుట్టి పెరిగిన తమ్ముళ్లున్నారు నాకు. బయట గడ్డి మోకాలెత్తున ఉంది, దాని మీద గాలి పోతుంటే వరిచేను ఊగినట్టే ఉంది. కంచె కర్ర మీద పసుపురంగు ఛాతీ ఉన్న పిట్ట ఒకటి ఈల వేస్తోంది. అది మెడోలార్క్ అనీ, కాన్సస్ రాష్ట్రపక్షి అనీ పిల్ల చెప్పింది.

బావి దగ్గర చాలాసేపు నిలబడ్డాను. మూత వేసి ఉంది. గట్టు రాళ్ల మీద చేయి పెట్టి చూశాను. క్యాంపుకు వచ్చిన కొత్తలో మా నాన్న ఎలా ఉండేవాడో కళ్లకు కట్టింది. ముప్పై రెండేళ్ల మనిషి, పిల్లాపాపలతో, చేతిలో గడ్డపార తప్ప మరేమీ లేకుండా ఎవరికీ తెలియని చోట నిలబడటం. ఆ ధైర్యం చిన్నది కాదు. ఇప్పుడు ఆ పుస్తకం గురించి ఎవరెన్ని మాటలన్నా, ఆ చాకిరీని తక్కువ చేసి మాట్లాడితే నాకు మనసొప్పదు.

మధ్యాహ్నం కారెక్కాక అమ్మాయి ఫోనులో ఆ పుస్తకం గురించి ఏదో చదువుతూ "అమ్మా, ఇది విను" అంది. 1935 నాటి మొదటి అచ్చులో, మొదటి అధ్యాయంలోనే, ఆ పడమటి దేశంలో మనుషులే లేరనీ, ఇండియన్లు (అంటే అక్కడి ఆదిమ తెగలవాళ్లు) మాత్రమే ఉన్నారనీ అర్థం వచ్చే వాక్యం ఉండేదట. పదిహేడేళ్లు ఆ వాక్యం ఎవరికీ కనిపించలేదు. 1952లో పాఠకులొకరు ప్రచురణ సంస్థకు ఉత్తరం రాశారు, ఇండియన్లు మనుషులు కారా అని. సంపాదకురాలు ఉర్సులా నార్డ్‌స్ట్రామ్ ఆ ఉత్తరం చదివి నివ్వెరపోయి వైల్డర్‌కు తెలియజేసింది. తాను అలా రాసి ఉండాల్సింది కాదని వైల్డర్ ఒప్పుకుంది. 1953లో గార్త్ విలియమ్స్ బొమ్మలతో కొత్త అచ్చు వేసినప్పుడు 'మనుషులు' అన్న ఒక్క మాట తీసి 'వలస వచ్చి స్థిరపడ్డవాళ్లు' అనే అర్థమిచ్చే మాట పెట్టారు. లైబ్రరీ నుంచి వచ్చిన మా పుస్తకంలో ఉన్నది ఆ దిద్దిన వాక్యం.

కారులో కాసేపు ఎవరూ మాట్లాడలేదు. వెనక సీట్లోంచి పిల్ల అడిగింది:

"అమ్మమ్మా, ముత్తాతగారు కూడా అక్కడ ఎవ్వరూ లేరనేవారని చెప్పావుగా. మరి గంజి ఎవరు తెచ్చారు?"

మా నాన్న మాట అది. "మేం దిగేటప్పటికి అక్కడ నరమానవుడు లేడు. తుమ్మచెట్లూ తాచుపాములూ తప్ప." చుట్టాలొచ్చినప్పుడల్లా ఆయన అరుగు మీద కూర్చుని మొదలుపెట్టే వాక్యం. మేమందరం వింటూ పెరిగి మా పిల్లలకు అప్పజెప్పిన వాక్యం. ముప్పై ఏళ్లు అదే తాలూకాలో కన్నడ బడిలో టీచరుగా పనిచేసిన నేను, ఆ పల్లెల పిల్లలకే అక్షరాలు దిద్దించిన నేను, ఇంట్లో ఆ వాక్యాన్ని అలాగే చెబుతూ వచ్చాను. పిల్లకు ఏం చెప్పాలో తోచలేదు. "ఊళ్లోవాళ్లు తెచ్చారమ్మా" అన్నాను.

"అయితే ఊరు ఉందిగా."

* * *

కాన్సస్‌లోని ఆ నేల ఓసేజ్ తెగవారిది. తమను తాము వాళ్లు వఝాఝె అంటారు. ఒప్పందం ప్రకారం వాళ్లకు మిగిలిన భూమిలో అనుమతి లేకుండా వచ్చి ఇళ్లు కట్టుకున్న వందల కుటుంబాల్లో ఇంగాల్స్ కుటుంబం ఒకటి. పుస్తకంలో ఇండియన్లు ఇంట్లోకి వస్తారు, రొట్టె తింటారు, పొగాకు తీసుకుంటారు, అమ్మ భయంతో బిగుసుకుపోతుంది. చిన్నపిల్ల కళ్లతో చూస్తే అది దొంగతనంలా ఉంటుంది. వాళ్ల నేలలో, వాళ్ల వాగు ఒడ్డున చెట్లు నరికి, వాళ్ల గడ్డిలో ఇల్లు కట్టుకున్నవాళ్ల ఇంటికి వాళ్లు వచ్చారన్న మాట పుస్తకం ఎక్కడా తిన్నగా చెప్పదు. లారా మాత్రం ఒకటి రెండుసార్లు నాన్నను గుచ్చి అడుగుతుంది, ఇది వాళ్ల దేశం కదా అని. నాన్న ఇక ప్రశ్నలు వద్దని పడుకోమంటాడు. ఆ చోటు చదివినప్పుడు నాకు వైల్డర్ మీద గౌరవం పెరిగింది. ఆ ప్రశ్నను ఆమె కొట్టెయ్యలేదు, పసిపిల్ల నోట్లో అలాగే ఉంచింది.

1868లో ఆ భూమంతా ఎకరం 19 సెంట్ల చొప్పున ఒక రైలు కంపెనీకి ధారపోసే ఒప్పందం ఒకటి రాశారు. గొడవలై అది అమలు కాలేదు. 1870లో అమెరికా కాంగ్రెస్ చట్టం చేసింది. ఆ సెప్టెంబరులో డ్రమ్ క్రీక్ దగ్గర ఓసేజ్ పెద్దలు ఒప్పుకోక తప్పలేదు. ఎకరం ఒకటింబావు డాలరుకు వలసవాళ్లకు అమ్మి, వచ్చిన డబ్బు వాళ్లకు జమ కట్టాలి, వాళ్లు దక్షిణానికి వెళ్లిపోవాలి. కాబట్టి చివరికి నేల వదలాల్సి వచ్చింది ఇంగాల్స్‌వాళ్లకు కాదు. సైనికులు వచ్చి వెళ్లగొడతారని పుస్తకంలో నాన్న మండిపడి బండి కడతాడు గానీ, అక్కడ ఆగినవాళ్లకు ఆ నేల దక్కింది. విస్కాన్సిన్‌లో వాళ్ల ఇల్లు కొన్న మనిషి బాకీ తీర్చలేక వెనక్కి ఇస్తానన్నాడని, అందుకే వాళ్లు తిరిగి వెళ్లారని జీవితచరిత్రకారులు రాశారు.

పుస్తకం చివర్లో ఒక అధ్యాయం ఉంది. ఓసేజ్ జనం గుర్రాల మీద, ఆడవాళ్లూ పిల్లలూ ముసలివాళ్లూ అందరూ, ఒకరి వెనక ఒకరు ఆ ఇంటి ముందు నుంచి వెళ్లిపోతారు. పొద్దున మొదలైన వరుస మధ్యాహ్నం దాకా తెగదు. తల్లి గుర్రం పక్కన బుట్టలో ఉన్న పసివాడి నల్లకళ్లను చూసి లారా వాడు తనకు కావాలని ఏడుస్తుంది. ఎందుకు ఏడుస్తున్నదో అమ్మకు చెప్పలేదు. అంత పెద్ద పుస్తకంలో నాకు అన్నిటికన్నా గుండెను పట్టింది అదే. వరుస కనుచూపు దాటాక కథ మళ్లీ దున్నకానికీ విత్తనాలకూ వచ్చేస్తుంది.

"వాళ్లు ఎక్కడికెళ్లారు?" అని పిల్ల ముందే అడిగి ఉంది. మర్నాడు అల్లుడు ఇంటిదారి పట్టకుండా కారు దక్షిణానికి తిప్పాడు. రాష్ట్ర సరిహద్దు దాటి ఓక్లహోమాలో పాహస్కా ఊరు చేరాం. ఓసేజ్ జాతి ప్రభుత్వం ఉన్న ఊరు అది. 1938లో మొదలైన వాళ్ల మ్యూజియం, ఒక తెగ సొంతంగా నడుపుకుంటున్న మ్యూజియాల్లో ఆ దేశంలో అన్నిటికన్నా పాతది. కాన్సస్ నేల అమ్మగా వచ్చిన డబ్బుతోనే వాళ్లు చెరోకీలకు చెందిన దాదాపు 15 లక్షల ఎకరాలు ఇక్కడ కొనుక్కున్నారు. తరవాత ఆ రాళ్లనేల కింద చమురు పడటం, డబ్బు రావడం, ఆ డబ్బు కోసం 1920లలో వాళ్లను వరుసగా చంపడం, అదంతా వేరే పెద్ద కథ.

1906లో భూములు పంచినప్పుడు తయారైన జాబితాలో 2,229 మంది ఉన్నారు. ఆ ఒక్కొక్కరి ఫొటో వెతికి సేకరించే పని ఆ మ్యూజియం వాళ్లు పెట్టుకున్నారు. గోడ నిండా ముఖాలు. ముఖం కింద పేరు. తలపాగా చుట్టినవాళ్లు, కోటు వేసుకున్నవాళ్లు, ఒడిలో పిల్లల్ని పెట్టుకున్న తల్లులు. పిల్ల ఒక్కొక్కరి దగ్గరా ఆగి పేర్లు చదివింది. చదవడం రాని పేర్లు అక్కడున్న ఆవిడను అడిగి పలికింది. ఆవిడ ఓపిగ్గా రెండేసిసార్లు చెప్పింది. 1870లో బుట్టలో వెళ్లిన పసివాడు బతికి ఉంటే ఆ గోడ మీద ముప్పై అయిదు దాటిన మనిషిగా ఉంటాడని నాకు అనిపించింది. పిల్లకు మాత్రం చెప్పలేదు.

* * *

తరవాత ఏడాది, 2018 జూన్‌లో, అమెరికా లైబ్రరీల సంఘం పిల్లల సాహిత్యానికి ఇచ్చే ఒక బహుమతికి ఉన్న లారా ఇంగాల్స్ వైల్డర్ పేరు తీసేసింది. 1954లో మొదటిసారి ఆవిడకే ఇచ్చిన బహుమతి అది. ఆ వార్త మీద మా అమ్మాయి స్నేహితులు రెండు జట్లుగా వాదించుకున్నారు. నన్ను అడిగితే చెప్పాను: బహుమతి పేరు మార్చుకోవడం ఇచ్చేవాళ్ల ఇష్టం, అందులో తప్పు లేదు. పుస్తకాన్ని పిల్లల చేతిలోంచి లాక్కోవడం మాత్రం వద్దు. కానీ ఒక్కటే ఇచ్చి ఊరుకోకండి. ఒజిబ్వే తెగకు చెందిన లూయిస్ ఎర్డ్రిచ్ 1999లో 'ది బర్చ్‌బార్క్ హౌస్' రాసింది. అందులో ఒమకాయస్ అనే ఏడేళ్ల పిల్ల ఉంటుంది. ఇల్లు కట్టుకోవడం, ఆకలి, చలి, చెల్లీ తమ్ముళ్లు అన్నీ ఉంటాయి. మశూచి కూడా వస్తుంది. రెండూ పక్కపక్కన పెట్టి చదివించండి. పిల్లలు తట్టుకోలేరని భయపడకండి. కారులో ఆ ప్రశ్న అడిగింది తొమ్మిదేళ్ల పిల్ల.

ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. గంగావతి తిరిగొచ్చాక తమ్ముడి ఇంట్లో పెట్టె తీయించి పాత దస్తావేజులు చూశాను. మా పదకొండెకరాల్లో ఆరెకరాలు ఒకే మనిషి దగ్గర కొన్నవి. కాగితం కన్నడంలో ఉంది. అమ్మినవారి పేరు, తండ్రి పేరు, కింద బొటనవేలి ముద్ర. ఇంట్లో మేం ఆయన్ను 'ముసలాయన' అనేవాళ్లం. రేగడిని సాపు చేయించడానికి ఆయన దగ్గర పెట్టుబడి లేదు. కాలువ నీళ్లొస్తే పన్ను పెరుగుతుందని భయపడ్డాడు, అమ్మేశాడు. రెండేళ్లు తిరిగేసరికి అదే చేలో మాకు కూలికి వచ్చేవాడు. నాట్లప్పుడు గట్టు మీద కూర్చుని ఆ చేల పాత హద్దులు మాకు చెప్పేవాడు. ఇదంతా నేను చూసిందే. నాన్న మోసం చేయలేదు, అడిగిన ధర ఇచ్చాడు. అయినా ఇది మా ఇంటి కథలో ఎప్పుడూ లేదు.

గంజి తెచ్చినావిడ ఆ ముసలాయన భార్య. ఆవిడ పేరు దస్తావేజులో లేదు. తమ్ముడికి తెలియదు. తొంభైకి దగ్గరపడ్డ మా పిన్ని "గంజావిడ" అంటుంది తప్ప పేరు చెప్పలేకపోయింది. నేను క్యాంపు దాటి ఆ పల్లెకు నడిచి వెళ్లాను. ఎంతో దూరం లేదు. మా ఇంటి డాబా మీంచి కనిపిస్తుంది. వాళ్ల మనవడు సైకిలు షాపు నడుపుతున్నాడు. ఎవరి కూతుర్నో చెప్పగానే "టీచరమ్మా" అని లేచి నిలబడ్డాడు. నాలుగో క్లాసు నా దగ్గరే చదివాడట. నాకు జ్ఞాపకం లేదు. వాళ్ల అవ్వ పేరు అడిగితే చెప్పాడు. ఆ కుటుంబాన్ని అడగకుండా ఇక్కడ అచ్చు వేయడం న్యాయం కాదు కాబట్టి రాయడం లేదు.

ఆ రాత్రే అమెరికాకు ఫోను చేసి మనవరాలికి చెప్పాను. కన్నడంలో ఎలా రాస్తారని అడిగింది. ఒక్కొక్క అక్షరం కాగితం మీద పెద్దగా రాసి ఫొటో తీసి పంపాను. చూసి రాసుకుంది.